యాప్ సైజు: ఏ లెక్క నమ్మాలి, ఏ కోత ముందు వేయాలి

ఒకే యాప్, ఒకే బిల్డ్ (కోడ్ నుంచి తయారైన ఫైలు). యాప్ తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఒక అంకె చెబుతుంది, ప్లే స్టోర్‌కు యాప్ ఎక్కించే ప్లే కన్సోల్ ఇంకొకటి చెబుతుంది, ఫోను సెట్టింగ్స్‌లో చూస్తే మూడోది కనిపిస్తుంది. మూడూ నిజమే. తాము ఏ అంకె గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోకుండా సైజు మీద వాదించుకునే బృందాలు చాలా ఉన్నాయి. ఒకరు తగ్గిందంటారు, ఇంకొకరు పెరిగిందంటారు, ఇద్దరి మాటా సరైనదే కావచ్చు. అందుకే తగ్గించే ఉపాయాలకంటే ముందు కొలత సంగతి తేల్చుకోవాలి. కొలత తప్పితే ఏ ఉపాయం పనిచేసిందో కూడా తెలియదు.

ఆండ్రాయిడ్ యాప్‌ను ఫోనులోకి ఎక్కించే ఫైలు ఏపీకే, అది నిజానికి ఒక జిప్ ఫైలు. కోడ్ ఉండే డెక్స్ ఫైళ్లు, సీ ప్లస్ ప్లస్ వంటి భాషల్లో రాసిన నేటివ్ లైబ్రరీలు, బొమ్మలూ లేఅవుట్లూ ఉండే రిసోర్సులు, వాటి పట్టిక, ఏసెట్స్ ఫోల్డరు, సంతకం వివరాలు అందులో ఉంటాయి. ఆ ఫైలు డిస్కు మీద తీసుకునే చోటు ముడి సైజు. ప్లే స్టోర్ దాన్ని ఫోనుకు పంపేటప్పుడు ఇంకా కుదిస్తుంది. వినియోగదారుడి డేటా ప్యాకులో ఖర్చయ్యేది ఆ డౌన్‌లోడ్ సైజు. ఫోనులోకి దిగాక ఆండ్రాయిడ్ కోడ్‌లో కొంత భాగాన్ని ముందుగానే యంత్రభాషలోకి మార్చి దాచుకుంటుంది, కాబట్టి ఇన్‌స్టాల్ సైజు ఇంకా పెద్దది. వాడుతున్నకొద్దీ పోగయ్యే క్యాష్ దీనికి అదనం.

ఈ నాలుగింట్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను డౌన్‌లోడ్ సైజును ఎంచుకుంటాను. అది కూడా 64 బిట్ ఆర్మ్ ఫోనుకు, మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేవారికి వెళ్లేది. స్టోర్‌లో ‘ఇన్‌స్టాల్’ మీట నొక్కాలా వద్దా అని ఆలోచించే మనిషికి ఎదురయ్యేది అదే. మెమరీ తక్కువ ఉన్న ఫోన్లే మీ వినియోగదారుల చేతుల్లో ఎక్కువగా ఉంటే ఇన్‌స్టాల్ సైజును రెండో అంకెగా పక్కన పెట్టుకోండి. స్టోరేజీ నిండినప్పుడు జనం ముందుగా తీసేసేది పెద్ద యాప్‌నే.

ముడి సైజును మాత్రం లక్ష్యంగా పెట్టుకోవద్దు. కారణం చూడండి. ఆండ్రాయిడ్ 6 నుంచి నేటివ్ లైబ్రరీలను ఏపీకేలో కుదించకుండా ఉంచి, అక్కడి నుంచే నేరుగా లోడ్ చేసుకోవచ్చు. ఆ పద్ధతికి మారిన రోజున ముడి సైజు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అయితే ప్లే ఎలాగూ కుదించే పంపుతుంది కాబట్టి డౌన్‌లోడ్ భారం కాదు. ఇన్‌స్టాల్ సమయంలో ఆ లైబ్రరీలకు రెండో ప్రతి తీయాల్సిన పని తప్పుతుంది కాబట్టి ఫోనులో చోటు కూడా మిగులుతుంది. ముడి సైజుకు కాపలా పెట్టిన బృందం ఈ మంచి మార్పును చూసి గాబరాపడి వెనక్కి తీసుకుంటుంది.

ఇంత శ్రమ అవసరమా అనే ప్రశ్నకు తరచూ చూపించే ఆధారం ఒకటుంది. ఏపీకే సైజు ప్రతి 6 ఎంబీ పెరిగినప్పుడు ఇన్‌స్టాల్ చేసుకునేవారి శాతం 1 మేర తగ్గుతోందని గూగుల్ ప్లే బృందం 2017లో రాసింది. అప్పటికీ ఇప్పటికీ నెట్ వేగం, డేటా ధరలు చాలా మారాయి. ఆ అంకెను ఈరోజు మీ యాప్‌కు యథాతథంగా అన్వయించలేం. పెద్ద యాప్ వల్ల కొందరు వెనక్కి వెళ్తారన్నంత వరకు నమ్మవచ్చు. అప్‌డేట్ల సంగతి వేరు. ప్లే మొత్తం యాప్‌ను మళ్లీ పంపదు, మారిన భాగాన్ని ప్యాచ్‌గా పంపుతుంది. 2016 చివర్లో తెచ్చిన పద్ధతిలో అప్‌డేట్లు పూర్తి యాప్‌కంటే సగటున 65 శాతం చిన్నవిగా ఉంటాయని గూగుల్ అప్పట్లో ప్రకటించింది. కాబట్టి ఇప్పటికే వాడుతున్నవారి గురించి కొంచెం నిశ్చింతగా ఉండవచ్చు. మన బెంగ అంతా కొత్తగా వచ్చేవారి గురించే.

కొలిచే పనిముట్లలో ఏది ఎందుకు

తప్పులు వెతకడానికి డెవలపర్ వాడుకునే డీబగ్ బిల్డ్‌ను కొలవడమంటే గోనెసంచితో సహా తూచి బియ్యం ధర కట్టడమే. అందులో కోడ్ కోతలు ఉండవు, డీబగ్గింగ్ సరంజామా ఉంటుంది. డార్ట్ భాషలో యాప్‌లు రాసే గూగుల్ పరికరం ఫ్లట్టర్‌లోనైతే డీబగ్ బిల్డ్ సైజుకూ రిలీజ్ సైజుకూ పొంతనే ఉండదు. ఏ పనిముట్టు వాడినా జనానికి విడుదల చేసే రిలీజ్ బిల్డ్‌నే దానికి ఇవ్వండి.

సైజు ఎక్కడ పోగైందో వెతకడానికి ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఏపీకే ఎనలైజర్‌ను మించినది లేదు. ఫైలును ఎడిటర్‌లోకి లాగి వదిలితే చాలు, ప్రతి ఫోల్డరుకూ ముడి సైజు, డౌన్‌లోడ్ సైజు పక్కపక్కన చూపిస్తుంది. డెక్స్ మీద నొక్కితే ఏ ప్యాకేజీ కోడ్ ఎంత ఉందో కనిపిస్తుంది. పాత ఏపీకేతో పోల్చి తేడా చూపే మీట కూడా ఉంది. మొదటి గంట ఇక్కడే గడపండి. మీరు ఊహించని ఫైలు ఒకటైనా అక్కడ దొరుకుతుంది. ఎవరో పరీక్ష కోసం పెట్టి మరిచిన వీడియో కావచ్చు, ఒకే ఫాంటు రెండు ఫోల్డర్లలో ఉండవచ్చు.

అయితే ఈ కిటికీకి ఒక గుడ్డి కోణం ఉంది. ఫ్లట్టర్ యాప్‌లో డార్ట్ కోడ్ అంతా ఒకే నేటివ్ లైబ్రరీగా, జావాస్క్రిప్ట్‌తో యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్‌లోనైతే ఆ జావాస్క్రిప్ట్ అంతా ఏసెట్స్‌లో ఒకే బండిల్‌గా కనిపిస్తాయి. లోపల ఏముందో ఏపీకే ఎనలైజర్‌కు తెలియదు. ఫ్లట్టర్ వాళ్లు బిల్డ్ ఆదేశానికి ‘ఎనలైజ్ సైజ్’ అనే ఐచ్ఛికాన్ని జతచేసి, వచ్చిన జేసన్ (సమాచారాన్ని పాఠ్యంగా రాసే పద్ధతి) ఫైలును ఫ్లట్టర్ డెవ్‌టూల్స్‌లోని యాప్ సైజ్ పేజీలో తెరవాలి. ఏ డార్ట్ ప్యాకేజీ ఎంత తింటోందో అక్కడ గళ్లుగళ్లుగా కనిపిస్తుంది, రెండు బిల్డ్‌ల తేడా చూసే ట్యాబ్ కూడా ఉంది. డీబగ్ సమాచారాన్ని విడదీసే ఐచ్ఛికంతో కలిపి ఇది పనిచేయదు. కాబట్టి అక్కడ కనిపించే అంకె మీరు నిజంగా విడుదల చేసేదానికంటే కాస్త ఎక్కువే. పోల్చడానికి అది చాలు, ప్రకటించడానికి పనికిరాదు. రియాక్ట్ నేటివ్ వాళ్లకు జావాస్క్రిప్ట్ బండిల్‌ను బొమ్మగా చూపే విజువలైజర్లు ఉన్నాయి, మిగతాదంతా మామూలు ఆండ్రాయిడ్ పనిముట్లతోనే నడుస్తుంది.

వెతకడం ఒక పని, రోజువారీ కాపలా ఇంకో పని. కాపలాకు కమాండ్ లైన్ పనిముట్లు కావాలి. ఏపీకే ఎనలైజర్‌కు అదే పేరుతో ఒక కమాండ్ ఉంది. ఫైలు సైజు, డౌన్‌లోడ్ సైజు అంచనా, రెండు ఏపీకేల పోలిక అన్నీ అందులో వస్తాయి. ఏపీకేగానే పంచేవారికి అదే సరిపోతుంది. అన్ని ఫోన్ల సరుకునూ ఒకే ఫైలులో ప్లేకు ఇస్తే, అది ఒక్కో ఫోనుకు తగిన ఏపీకేలు చేసి పంపే రూపం యాప్ బండిల్. అలా ఎక్కించేవారికి మాత్రం గూగుల్ వారి బండిల్‌టూల్ సరైనది. బండిల్‌ను అలాగే కొలిస్తే అన్ని ఫోన్ల సరుకూ కలిసి వస్తుంది, అంత మొత్తం ఏ ఫోనుకూ వెళ్లదు. బండిల్‌టూల్‌తో ముందు ఏపీకేల సెట్టు తయారు చేయించి, తర్వాత ‘గెట్ సైజ్ టోటల్’ అడిగితే కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలు ఇస్తుంది. ప్రాసెసర్, తెర సాంద్రత, భాష వారీగా విడగొట్టమంటే వరుసలుగా ఇస్తుంది.

ఆ కనిష్ఠ, గరిష్ఠాలను పట్టుకుని చర్చించవద్దు. గరిష్ఠం ఏ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోను) ప్రాసెసర్‌దో కావచ్చు. ఒక చిన్న జేసన్ ఫైలులో మీ సగటు వినియోగదారుడి ఫోను లక్షణాలు రాసి ప్రాజెక్టులోనే ఉంచుకోండి: 64 బిట్ ఆర్మ్, తెలుగు, ఇంగ్లిష్ భాషలు, ఒక తెర సాంద్రత, ఒక ఆండ్రాయిడ్ వెర్షన్. ప్రతిసారీ దానికే కొలవండి. ఆ ఫోను ఎంపిక అంత గొప్పగా లేకపోయినా ఫరవాలేదు, మారకుండా ఉంటే చాలు.

ఇంకా రెండు ఉచిత పనిముట్లు ప్రస్తావించాలి. డిఫ్యూజ్ అనేది రెండు ఏపీకేలనో బండిల్‌లనో తీసుకుని ఏ ఫైలు, ఏ క్లాస్, ఏ మెథడ్ పెరిగిందో చెబుతుంది. స్పాటిఫై సంస్థ బయటపెట్టిన రూలర్ అనే ప్లగిన్ (ఆండ్రాయిడ్ బిల్డ్ పనిముట్టు గ్రాడిల్‌కు జతచేసేది) మరో ప్రశ్నకు జవాబిస్తుంది: ఈ సైజులో ఏ మాడ్యూల్ వాటా ఎంత, ఏ బయటి లైబ్రరీ వాటా ఎంత? ముగ్గురు నలుగురు పనిచేసే చోట డిఫ్యూజ్ చాలు. మాడ్యూళ్లు పదుల్లో ఉండి, ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కో బృందం బాధ్యత వహించే చోట రూలర్ వంటిది లేకపోతే ‘మా వల్ల కాదు’ అనే మాటే వినిపిస్తుంది.

ప్లే కన్సోల్‌లోని యాప్ సైజ్ పేజీ అన్నిటికంటే నిజం చెబుతుంది, మీలాంటి ఇతర యాప్‌లతో పోల్చి కూడా చూపిస్తుంది. కానీ అప్పటికి సరుకు గడప దాటిపోయి ఉంటుంది. నెలకోసారి చూసుకోవడానికి అది బాగుంటుంది, అభివృద్ధి దశలో కాపలాకు అక్కరకు రాదు.

ఏ రూపంలో పంచాలి

2021 ఆగస్టు నుంచి ప్లేలో కొత్త యాప్‌లకు యాప్ బండిల్ తప్పనిసరి, అక్కడ ఎంపిక లేదు. ఎంపిక మిగిలింది ప్లే బయట: సొంత వెబ్‌సైట్లో పెట్టే యాప్, కంపెనీ లోపలి యాప్, వాట్సాప్‌లో పంపే పరీక్ష బిల్డ్. అక్కడ అన్ని ప్రాసెసర్లకూ సరిపోయే ఒకే ఏపీకే ఇస్తారా, ప్రాసెసర్‌కో ఏపీకే ఇస్తారా?

తీసుకునేది సాంకేతిక పరిజ్ఞానం లేని జనమైతే ఒకే ఏపీకే ఇవ్వండి. తన ఫోను 32 బిట్టా, 64 బిట్టా అని వారిని అడగడం న్యాయం కాదు. కాకపోతే అందులోంచి ఎక్స్86 ప్రాసెసర్ల లైబ్రరీలను ఫిల్టర్‌తో తీసేయండి. ఆర్మ్ రెండు రకాలు ఉంటే దాదాపు ఫోన్లన్నీ వచ్చేస్తాయి. పాత చవక ఫోన్లలో 32 బిట్ ఆండ్రాయిడ్ ఇంకా నడుస్తోంది కాబట్టి దాన్ని తీసేసే ముందు మీ వినియోగదారుల లెక్క చూసుకోండి. కంపెనీ లోపల అందరికీ ఒకే మోడల్ ఫోను ఇచ్చిన చోట మాత్రం ప్రాసెసర్‌కో ఏపీకే సబబు.

యాప్ బండిల్‌లో తెలుగు యాప్‌లకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఒక చిక్కు ఉంది, దాని దగ్గర కాసేపు ఆగాలి. బండిల్ భాషలను కూడా విడగొడుతుంది. ఫోను ఏ భాషలో ఉంటే ఆ భాష మాటలనే పంపుతుంది. మన రాష్ట్రాల్లో ఫోనును ఇంగ్లిష్‌లో ఉంచుకుని, యాప్ లోపల ‘తెలుగు’ మీట నొక్కి చదివేవారు ఎందరో. అలాంటి ఫోనుకు ప్లే తెలుగు మాటలను పంపనే పంపదు. మీట నొక్కినా తెర ఇంగ్లిష్‌లోనే ఉండిపోతుంది. డెవలపర్ బల్ల మీద ఇది ఎప్పుడూ కనిపించదు, ఎందుకంటే అక్కడ నేరుగా ఎక్కించే ఏపీకేలో అన్ని భాషలూ ఉంటాయి.

దీనికి రెండు దారులు. ఒకటి, బిల్డ్ ఫైలులో భాషల విభజనను ఆపేయడం. రెండు, వినియోగదారుడు భాష మార్చినప్పుడు ప్లే లైబ్రరీ ద్వారా ఆ భాషను అప్పటికప్పుడు దించుకోవడం. రెండోది పొదుపుగా కనిపిస్తుంది కానీ నెట్ లేనప్పుడు ఏం చేయాలి, దిగేదాకా తెర మీద ఏం చూపాలి అన్న తలనొప్పులన్నీ మోయాలి. మూడు నాలుగు భాషల మాటలు కుదించాక బొమ్మల పక్కన లెక్కలోకి రానంత చిన్నవి. విభజన ఆపేయడమే మేలు. దానితోపాటు మరో పని తప్పక చేయాలి: భాషల ఫిల్టర్‌లో మీకు కావలసిన తెలుగు, ఇంగ్లిష్, హిందీ వంటి భాషలనే పేర్కొనాలి. లేకపోతే మీరు వాడే లైబ్రరీలు మోసుకొచ్చే పదుల భాషల అనువాదాలు ప్రతి ఫోనుకూ వెళ్తాయి. ఆ లైబ్రరీ తన తేదీ ఎంపిక పెట్టెకు ఐస్‌లాండ్ భాషలో పెట్టుకున్న పేర్లు మీ వినియోగదారుడికి ఎందుకు?

ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్‌లలో ఈ చిక్కు రాదు. అక్కడ మాటలు సాధారణంగా డార్ట్ కోడ్‌లోనే, జావాస్క్రిప్ట్ బండిల్‌లోనే కలిసిపోతాయి. ప్లే వాటిని విడగొట్టలేదు. బొమ్మల విషయంలో ఈ రెండూ వేరుపడతాయి. రియాక్ట్ నేటివ్ రిలీజ్ బిల్డ్‌లో బొమ్మలు ఆండ్రాయిడ్ రిసోర్సుల్లోకి వెళ్తాయి కాబట్టి తెర సాంద్రత ప్రకారం విభజన జరుగుతుంది. ఫ్లట్టర్ బొమ్మలు ఏసెట్స్‌లో ఉంటాయి కాబట్టి మీరు పెట్టిన రెండు రెట్ల బొమ్మా, మూడు రెట్ల బొమ్మా రెండూ ప్రతి ఫోనుకూ వెళ్తాయి. ఫ్లట్టర్ యాప్‌లో బొమ్మలను తగ్గించడానికి అందుకే ఎక్కువ విలువ.

కోతలు: రాబడి ఎక్కువ, ప్రమాదం తక్కువ ఉన్నవి ముందు

చాలామంది ఆర్8 (వాడని కోడ్‌ను తీసేసే పనిముట్టు) తో మొదలుపెడతారు. నేనైతే బొమ్మలతో, నేటివ్ లైబ్రరీలతో మొదలుపెట్టమంటాను. అక్కడ యాప్ విరిగిపోయే అవకాశం తక్కువ, దక్కేది తరచూ ఎక్కువ.

బొమ్మల సంగతి త్వరగా తేలుతుంది. ఫోటోలను బాగా కుదించే వెబ్‌పీ రూపంలోకి మార్చండి, ఆండ్రాయిడ్ స్టూడియోలో కుడి క్లిక్‌తో పని అయిపోతుంది. చిన్న ఐకాన్లకు గీతల లెక్కలుగా దాచే వెక్టర్ వాడండి. పెద్ద చిత్రాలకు వెక్టర్ వద్దు, గీయడానికి ఫోను ఇబ్బంది పడుతుంది. ఏవిఫ్ అనే బొమ్మల రూపం ఇంకా బాగా కుదిస్తుంది కానీ ఆండ్రాయిడ్ 12 నుంచే దానికి సిస్టమ్ మద్దతు ఉంది. పరిచయ తెరల కోసం పెట్టిన వీడియో ఏదైనా ఉంటే దాన్ని సర్వర్‌కు తరలించండి.

నేటివ్ లైబ్రరీల విషయంలో ముందు బిల్డ్ లాగ్ చదవండి. బిల్డ్ సర్వర్‌లో ఎన్‌డీకే (నేటివ్ కోడ్ తయారుచేసే ఆండ్రాయిడ్ సరంజామా) లేకపోతే, ఈ లైబ్రరీలలోంచి డీబగ్ గుర్తులను తీయలేకపోయాం, ఉన్నవి ఉన్నట్టే పెడుతున్నాం అనే హెచ్చరిక ఒకటి వస్తుంది. బిల్డ్ మాత్రం విజయవంతమైందనే చెబుతుంది. ఆ ఒక్క వరుసను పట్టించుకోకపోవడం వల్ల సొంత కంప్యూటర్లో చేసిన బిల్డ్ చిన్నదిగా, సర్వర్‌లో చేసినది పెద్దదిగా రావచ్చు. ఎన్‌డీకే పెడితే సమస్య తీరిపోతుంది, కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారదు.

తర్వాత ఒకే పనికి రెండు రకాలుగా దొరికే లైబ్రరీలు. ఫోనులోనే కృత్రిమ మేధ పనులు చేసే గూగుల్ ఎంఎల్ కిట్‌లో బార్‌కోడ్ చదివే లైబ్రరీ మంచి ఉదాహరణ. బార్‌కోడ్‌ను గుర్తుపట్టే మోడల్‌ను యాప్‌లోనే పెట్టుకునే రకం సుమారు 2.4 ఎంబీ కలుపుతుంది. ఫోనులో ముందే ఉండే గూగుల్ ప్లే సర్వీసెస్ నుంచి దించుకునే రకం సుమారు 200 కేబీ. ఏది ఎంచుకోవాలో సైజు ఒక్కటే చెప్పదు. క్యూఆర్ స్కానే మీ యాప్‌కు ప్రాణమైతే మొదటి రకమే తీసుకోండి. తెరిచిన మొదటి క్షణంలోనే, సిగ్నల్ లేని చోట కూడా అది పనిచేయాలి. స్కాన్ ఎక్కడో సెట్టింగ్స్ మూలన ఉండే సౌకర్యమైతే రెండోది తీసుకుని, యాప్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే మోడల్‌ను దించమని మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైలు) ఒక వరుస రాయండి. మొదటి వాడకంలో మోడల్ ఇంకా దిగకపోయి ఉండవచ్చు, ఆ పరిస్థితికి తగిన సందేశం సిద్ధంగా ఉంచుకోవాలి.

ఇక ఆర్8. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ 3.4 నుంచి ప్రోగార్డ్ అనే పాత పనిముట్టు స్థానంలో ఇదే వస్తోంది. వాడని కోడ్‌ను తీసేస్తుంది, పేర్లను కుదిస్తుంది, చిన్న ఫంక్షన్లను పిలిచిన చోటే కలిపేస్తుంది. దాన్ని ఆన్ చేశాకే వాడని రిసోర్సులను తొలగించే మీట కూడా పనిచేస్తుంది. వీటి రాబడి బాగానే ఉంటుంది, కానీ ప్రమాదం మరో రకానిది. రిఫ్లెక్షన్‌తో (యాప్ నడిచేటప్పుడు పేరును బట్టి క్లాసులను వెతకడం) నడిచే కోడ్, ఉదాహరణకు జీసన్ లైబ్రరీతో జేసన్‌ను క్లాసుల్లోకి మార్చే చోట్లు, బిల్డ్‌లో ఏ తప్పూ చూపకుండా ఫోనులో మాత్రం ఖాళీ విలువలు ఇస్తాయి. ప్లగిన్ 8.0 నుంచి ఆర్8 పూర్తి మోడ్ డిఫాల్ట్‌గా వస్తోంది, అది ఇంకా కఠినం. పాత ప్రాజెక్టును ఆ వెర్షన్‌కు తీసుకెళ్తుంటే ఆర్8 ఆన్ చేయడం, ప్లగిన్ మార్చడం ఒకే విడుదలలో పెట్టుకోవద్దు.

ఆర్8 పెట్టినా సైజు పెద్దగా తగ్గలేదంటే కారణం సాధారణంగా కీప్ నియమాల్లో (దేన్ని తీయకూడదో ఆర్8 కు చెప్పేవి) ఉంటుంది. ఏదో క్రాష్‌ను ఆపడానికి ఎవరో ఒకరు మొత్తం ప్యాకేజీని ముట్టుకోవద్దని రాసి ఉంటారు. కొన్ని లైబ్రరీలు తమ నియమాలను తామే వెంట తెచ్చుకుంటాయి, అవీ అంతే ఉదారంగా ఉండవచ్చు. ఆర్8 చివరికి పాటించిన నియమాలన్నిటినీ ఒకే ఫైలులోకి రాయించుకోవచ్చు. ఆ ఫైలులో రెండు నక్షత్రాలున్న వరుసలను వెతికి ఒక్కొక్కదాన్నీ ప్రశ్నించండి. కొత్తగా మొదలుపెట్టే యాప్‌లోనైతే రిఫ్లెక్షన్ అక్కరలేని కోట్లిన్ సీరియలైజేషన్ వంటివి ఎంచుకుంటే ఈ గొడవ సగం తప్పుతుంది. విడుదలతోపాటు కుదించిన పేర్లకు అసలు పేర్లు చెప్పే మ్యాపింగ్ ఫైలును భద్రపరచడం మరిచిపోవద్దు. అది లేకపోతే క్రాష్ నివేదికలో ఏ, బీ, సీ తప్ప ఏమీ కనిపించదు.

తెలుగు ఫాంటు

తెలుగు యాప్‌లలో ఫాంట్ల దగ్గర జరిగే దుబారాను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అసలు ఫాంటును వెంట తీసుకెళ్లాలా అన్నది మొదటి ప్రశ్న. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు, ఐఫోన్లలో కోహినూర్ తెలుగు సిస్టమ్‌తోనే వస్తున్నాయి. వ్యాసం, వార్త, ధరల పట్టిక వంటి మామూలు పాఠ్యానికి వాటిని వదిలి మళ్లీ నోటోనే యాప్‌లో కలపడం దండగ. కొన్ని ఫోన్ల కంపెనీలు తమ ఫాంటు పెడతాయి కాబట్టి అక్షరాల ఎత్తు కొద్దిగా మారుతుంది. అది భరించలేని డిజైనర్‌తో ముందే మాట్లాడుకోండి.

శీర్షికలకు రామభద్ర, మండలి, సూరన్న వంటి ఫాంట్లు కావాలంటే మూడు దారులు ఉన్నాయి: ఫాంటు మొత్తం పెట్టడం, కత్తిరించి పెట్టడం, డౌన్‌లోడబుల్ ఫాంట్ సౌకర్యం ద్వారా ప్లే సర్వీసెస్ నుంచి తెచ్చుకోవడం. మూడోదానిలో సైజు భారం దాదాపు సున్నా. కానీ మొదటిసారి తెర మామూలు ఫాంటుతో కనిపించి, ఆపైన మారుతుంది. ప్లే సర్వీసెస్ లేని ఫోన్లలో అసలు రాదు. వార్తల యాప్‌కు ఇది సరిపోతుంది. పిల్లల అక్షరాల యాప్‌కు, పెళ్లి పత్రికలు తయారుచేసే యాప్‌కు సరిపోదు. అక్కడ ఫాంటే సరుకు.

కత్తిరించే దారి ఎంచుకుంటే జాగ్రత్తగా ఉండాలి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే. గుణింతాలు, ఒత్తులు, వాటి కూర్పుల వల్ల ఫాంటు లోపల బొమ్మలు వందల్లో ఉంటాయి, ఏ అక్షరాల వరుసకు ఏ బొమ్మ రావాలో చెప్పే నియమాల పట్టికలు వేరే ఉంటాయి. ఫాంట్లను కత్తిరించే పనిముట్టు పైఎఫ్‌టీసబ్‌సెట్ (ఫాంట్‌టూల్స్‌లోది) డిఫాల్ట్‌గా మన లిపుల నియమాలను కాపాడుతుంది. ఇంకో నాలుగు కేబీ మిగులుతుందని ఎవరైనా లేఅవుట్ నియమాలను తీసేయించారంటే ‘లక్ష్మి’ ముక్కలైపోతుంది, పొల్లులు బయటపడతాయి. కత్తిరించాక స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి అనే మాటలను తెర మీద చూడండి. ‘సాఫ్ట్‌వేర్’లో ట, వ అతుక్కోకుండా ఆపే కనిపించని అక్షరాన్ని కూడా జాబితాలో చేర్చుకోవడం క్షేమం. తెలుగు అక్షరాలను మాత్రం ఏరివేయవద్దు. మన శీర్షికల్లో ‘ఝ’ రాదులే అనుకున్న మరుసటి వారమే ‘ఝార్ఖండ్’ వార్త వస్తుంది. తీసేయదగినది ఫాంటులోని లాటిన్ భాగం, అది కూడా ఇంగ్లిష్‌కు వేరే ఫాంటు వాడుతుంటేనే.

మందం వారీగా మూడు నాలుగు ఫైళ్లు పెడుతుంటే అదే ఫాంటుకు వేరియబుల్ రూపం దొరుకుతుందేమో చూడండి. ఒక్క ఫైలుతో అన్ని మందాలూ వస్తాయి. రెండే మందాలు వాడితే లాభం ఉండకపోవచ్చు, కొలిచి చూడాల్సిందే.

తర్వాత దించుకునేవి

కొన్ని భాగాలను యాప్ తర్వాత తెచ్చుకోవడానికి ప్లేలో రెండు సౌకర్యాలు ఉన్నాయి: కోడ్‌తో సహా భాగాలను పంపే ఫీచర్ డెలివరీ, ఆటల బొమ్మలూ శబ్దాల వంటి పెద్ద ఫైళ్లను పంపే ఏసెట్ డెలివరీ. ఆటల తయారీదారులు ఏసెట్ డెలివరీని నిస్సంకోచంగా వాడవచ్చు, సర్వర్ ఖర్చు కూడా గూగుల్‌దే. ఫీచర్ డెలివరీ విషయంలో నా సలహా వెనకడుగే. మాడ్యూళ్ల ఆధారాలను తలకిందులు చేయాలి, ప్రతి ప్రవేశ ద్వారం దగ్గరా ‘ఇంకా దిగలేదు’ అనే స్థితిని సంభాళించాలి, ప్లే బయట పంచే ఏపీకేకు మరో దారి రాయాలి. చాలా కొద్దిమందే వాడే, నిజంగా బరువైన భాగం ఉంటే తప్ప ఈ పని పెట్టుకోవద్దు. వీడియో కాల్‌తో డాక్టరు సలహా ఇచ్చే భాగం అలాంటిది కావచ్చు. పాటలు, పంచాంగం, నిఘంటువు వంటి కేవల సమాచారమైతే మామూలుగా మీ సర్వర్ నుంచి దించుకోండి, ఏ స్టోర్‌తోనూ ముడి ఉండదు.

ఐఫోన్ వైపు

ఇక్కడ ఎంపికలు తక్కువ కాబట్టి మాటలూ తక్కువే. ఐఓఎస్ 9 కాలం నుంచి యాప్ స్టోర్ తానే ప్రతి మోడల్‌కు తగిన ముక్కను తయారుచేసి పంపుతుంది. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్‌లో ఆర్కైవ్‌ను ఎగుమతి చేసేటప్పుడు అన్ని పరికరాల రకాలకూ థిన్నింగ్ (మోడల్‌కు తగ్గ ముక్కలు చేయడం) ఎంచుకుంటే, ఒక్కో రకానికి కుదించిన సైజు, విప్పిన సైజు చెప్పే నివేదిక ఫైలు దొరుకుతుంది. కాపలాకు దాన్నే వాడండి, ఐఫోన్ యాప్ ఫైలైన ఐపీఏ బరువును కాదు. యాప్ స్టోర్ పేజీలో కనిపించేది ఇన్‌స్టాల్ సైజు, ప్లేలో కనిపించేది డౌన్‌లోడ్ సైజు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘ఐఫోన్ యాప్ ఎందుకింత పెద్దది’ అని అడిగే మేనేజర్‌కు ముందుగా ఇది చెప్పాలి. మొబైల్ డేటా మీద 200 ఎంబీ దాటిన యాప్‌ను దించేటప్పుడు ఐఫోన్ అనుమతి అడుగుతుంది, ఐఓఎస్ 13కు ముందైతే దించనిచ్చేదే కాదు. ఆ గీత దగ్గర్లో ఉంటే తప్ప ఐఫోన్ వైపు పెద్ద పోరాటం అవసరం లేదు.

మీ పరిస్థితికి ఏది

ఒక్కరే యాప్ చేస్తుంటే ఏపీకే ఎనలైజర్‌ను విడుదలకు ముందు ఒకసారి తెరిచి పాత ఏపీకేతో పోల్చండి, అంతకుమించి యంత్రాంగం అక్కరలేదు. ఇద్దరు దాటిన బృందమైతే ప్రతి మెర్జ్‌కూ (ఒక మార్పును ప్రధాన కోడ్‌లో కలపడం) బండిల్‌టూల్ అంకెను ఆటోమేటిక్‌గా రాయించండి. మొత్తం సైజుకు పరిమితి పెట్టే పద్ధతి, ఒక్కో మార్పుకు పరిమితి పెట్టే పద్ధతి రెండూ వాడుకలో ఉన్నాయి. మొత్తానికి పెట్టిన పరిమితిని దాటేది ఎప్పుడూ చివరగా వచ్చిన అమాయకుడే, నిజంగా సైజు పెంచినవారు అతనికి ముందే దాటిపోయి ఉంటారు. మార్పుకు పరిమితి పెట్టండి. ఒక మెర్జ్ 200 కేబీకి మించి పెంచితే ఆగిపోవాలి, ఎందుకు పెరిగిందో ఒక వాక్యం రాస్తే ముందుకు వెళ్లాలి. అంకె మీ ఇష్టం, వాక్యం మాత్రం తప్పనిసరి.

ఫ్లట్టర్ బృందాలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంజిన్ బరువు మీ చేతుల్లో లేదు. ఏమీ లేని ఫ్లట్టర్ యాప్ 64 బిట్ ఆర్మ్‌కు సుమారు 4.8 ఎంబీ డౌన్‌లోడ్ అని 2021 మార్చిలో ఫ్లట్టర్ బృందమే కొలిచి చెప్పింది. తర్వాతి వెర్షన్లలో అది మారి ఉంటుంది కాబట్టి మీరు వాడే వెర్షన్‌తో ఒక ఖాళీ యాప్ బిల్డ్ చేసి ఆ అంకెను పక్కన రాసిపెట్టుకోండి. దాని పైన ఉన్నదే మీరు తగ్గించగలిగేది. డీబగ్ సమాచారాన్ని విడదీయడం, ఏసెట్స్‌లోని బొమ్మలు, వాడని ఫాంట్లు అనే వరుసలో వెళ్లండి. రియాక్ట్ నేటివ్ వాళ్లు 0.70 వెర్షన్ నుంచి హెర్మిస్ అనే జావాస్క్రిప్ట్ ఇంజిన్ డిఫాల్ట్‌గా ఉందని గమనించాలి. పాత ప్రాజెక్టును ఎత్తుకొస్తే అది ఇంకా ఆఫ్‌లోనే ఉందేమో మొదట చూడండి, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను ఏరడం ఆ తర్వాత.

ప్లేలోనూ, వెబ్‌సైట్లోనూ రెండు చోట్లా పంచేవారు రెండు అంకెలు విడివిడిగా రాసుకోవాలి. ప్లే వైపు లాభమిచ్చే విభజనలు వెబ్‌సైట్ ఏపీకేకు ఏమీ చేయవు. అక్కడ భాషల ఫిల్టర్, ప్రాసెసర్ ఫిల్టర్ రెండూ మీరే పెట్టాలి. ఆ ఏపీకేను ప్లే మళ్లీ కుదించి పంపదు కాబట్టి నేటివ్ లైబ్రరీలను కుదించే పాత పద్ధతికి ఆ ఒక్క బిల్డ్‌లో తిరిగి మారవచ్చు. ముడి సైజే డౌన్‌లోడ్ సైజు అయ్యే చోటు అదొక్కటే.